దువ్వెనలో మిగిలిన వెంట్రుక

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్ళలో వెంట్రుకలు కొనేవాళ్ళు ఇప్పటికీ తిరుగుతుంటారు. సుమ్మాదేవి స్టేషను దగ్గరి పల్లె కానీ, పలాస–కాశీబుగ్గలో ఓ వీధి కానీ, తీరు ఒకటే. బండి వెనక స్టీలు గిన్నెలూ ప్లాస్టిక్ డబ్బాలూ, ముందు పిన్నీసులూ బుడగలూ. కేక వినపడగానే ఆడవాళ్ళు చూరులో దోపిన ఉండనో, కిటికీ ఊచకు తగిలించిన కవరునో తీసుకొస్తారు. అతను ఉండను వేళ్ళతో కాస్త విప్పి చూస్తాడు, పొడవు అంచనా కడతాడు, తూచుతాడు, నెలల తరబడి కూడబెట్టిన వెంట్రుకలకు ఓ గిన్నె చేతిలో పెడతాడు.

రాష్ట్రం ఆ చివర తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించిన తలనీలాలను టీటీడీ పొడవును బట్టి రకాలుగా వేరుచేసి వేలం వేస్తుంది. 2011 నుంచి ఈ వేలం ఆన్‌లైన్‌లో జరుగుతోంది. దీని మీద దేవస్థానానికి ఏటా వంద కోట్ల రూపాయల పైనే వస్తోంది. ఉద్దానం నుంచి మొక్కు తీర్చుకోను వెళ్ళిన ఇల్లాలి జుట్టు కూడా ఆ రాశిలోనే కలుస్తుంది. అదే ఇల్లాలు, అదే కొబ్బరినూనె, అదే పొడవు. అయినా క్షురకుడి కత్తికి తెగిన జడకున్న విలువ ఆమె దువ్వెనకు చిక్కిన వెంట్రుకకు లేదు.

ఎందుకిలా? కారణం వెంట్రుక పైపొరలో ఉంది. స్నానాల గది తూము ఎందుకు పూడుతుందో, చీపురుకు చుట్టుకున్న వెంట్రుక ఎందుకు వదలదో కూడా ఆ పొరను చూస్తేనే తెలుస్తుంది.

రోజుకు 36 మీటర్లు

ముందు లెక్క చూద్దాం. మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక కుదురుకూ దాని సొంత కాలపట్టిక ఉంది. రెండు నుంచి ఏడేళ్ళ దాకా వెంట్రుకను పెంచుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో పని ముగించుకుంటుంది. ఆపైన మూడు నెలల పాటు విశ్రాంతి. ఆ విశ్రాంతి చివర పాత వెంట్రుక ఊడి, కొత్తది మొలుస్తుంది. లక్ష కుదుళ్ళూ ఒకేసారి కాకుండా ఎవరి వంతు వాళ్ళదిగా నడుస్తాయి కాబట్టి మన తల బోడి కాదు. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం మామూలే.

క్రాఫు చేయించుకున్న మగవాడికీ రాలేది దాదాపు అన్నే. అతని వెంట్రుక వేలెడు ఉండి గాలికి కొట్టుకుపోతుంది, ఎవరూ పట్టించుకోరు. నడుము దాకా జడ ఉన్న ఆమెకు రోజుకు 60 వెంట్రుకలు రాలి, ఒక్కోటి సగటున 60 సెంటీమీటర్లు ఉందనుకోండి. అప్పుడు ఇంట్లో రోజుకు 36 మీటర్ల వెంట్రుక పడుతోంది. ఏడాదికి 13 కిలోమీటర్లు! పలాస స్టేషనులో ఒక కొస పట్టుకుని బయల్దేరితే సుమ్మాదేవి దాటిపోవచ్చు. ఇంత పొడవూ తూస్తే మాత్రం వంద గ్రాముల లోపే. కొనేవాడు మీ ఉండ చూసి పెదవి విరవడానికి ఇదీ ఓ కారణం.

వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే 60 సెంటీమీటర్ల వెంట్రుక కొస అయిదేళ్ళనాటిది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటల్ని నేలకూల్చింది. ఆ నెలలో నెత్తి నుంచి బయటపడ్డ వెంట్రుక ఇంత పొడవు అయ్యేసరికి 2023 చివరికి వచ్చాం. ఆ కొస అయిదేళ్ళ ఎండనూ, ఉప్పుగాలినీ, దువ్వెన పళ్ళనూ ఓర్చుకుంది. కుదురు దగ్గర నున్నగా ఉండి కొస దగ్గర గరుకెక్కడం అందుకే.

రాలిన వెంట్రుకను వెలుతురులో పట్టుకుని చూస్తే ఒక చివర తెల్లటి చుక్క కనపడుతుంది. అది ఉంటే వెంట్రుక తన గడువు తీరి ఊడింది. చుక్క లేకపోతే మధ్యలో తెగింది. మొదటి రకానికి కొబ్బరినూనె ఏమీ చెయ్యలేదు, రెండో రకానికి చేస్తుంది. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, తడి జుట్టును దువ్వినప్పుడు పోయే మాంసకృత్తును తగ్గిస్తుందని 2003లో ముంబయి పరిశోధకులు రేలే, మోహిలే చూపించారు. పొద్దుతిరుగుడు నూనెకూ ఖనిజ తైలానికీ ఆ గుణం కనిపించలేదు.

పెద్ద జ్వరం వచ్చి తగ్గినా, కాన్పు అయినా, రెండు మూడు నెలల తర్వాత దువ్వెన నిండా జుట్టు వస్తుంది. ఆ దెబ్బకు ఎన్నో కుదుళ్ళు ఒకేసారి విశ్రాంతిలోకి పోయి, గడువు తీరాక ఒకేసారి రాలుస్తాయి. దీన్ని 1961లో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ అనే అమెరికన్ చర్మవైద్యుడు వివరించి పేరు పెట్టాడు. జ్వరం మరిచిపోయాక రాలుతుంది కనుక నింద షాంపూ మీద పడుతుంది. చాలామందికి కొన్ని నెలల్లో అదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే డాక్టరుకు చూపించాలి.

మొగలాకు గుణం

ఇప్పుడు చిన్న ప్రయోగం. తెల్ల చుక్క ఉన్న పొడుగు వెంట్రుక ఒకటి తీసుకోండి. మధ్యలో బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకుని, రెండు వేళ్ళనూ వెంట్రుక పొడవు వెంబడి ముందుకూ వెనక్కూ రుద్దండి. వెంట్రుక తనంత తను నడవడం మొదలెడుతుంది. అదీ ఎప్పుడూ చుక్క ఉన్న వైపుకే. తిప్పి పట్టుకుంటే అటు తిరిగి నడుస్తుంది. వేళ్ళు ఆడేది అటూ ఇటూ సమానంగానే అయినా వెంట్రుక మాత్రం ఒక్క దిక్కుకే పోతుంది.

ఉద్దానం తీరంలో మొగలి పొదల మధ్య తిరిగినవాళ్ళకు దీని గుట్టు చెప్పక్కర్లేదు. మొగలాకు అంచును మొదలు నుంచి కొసకు నిమిరితే చెయ్యి జారిపోతుంది. కొస నుంచి మొదలుకు నిమిరితే ముళ్ళు పట్టేస్తాయి. వెంట్రుక మీద ముళ్ళుండవు కానీ, మిల్లీమీటరులో వెయ్యో వంతు మందం కూడా లేని పొలుసులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. వాటి అంచులన్నీ కొస వైపే చూస్తుంటాయి. వెంట్రుక కుదురు వైపుగా కదిలితే పొలుసులు వంగి దారిస్తాయి. కొస వైపుగా కదలబోతే అంచులు లేచి అడ్డుపడతాయి.

తల మీద ఉన్నంత కాలం లక్ష వెంట్రుకల పొలుసులూ ఒకే దిక్కు చూస్తాయి. కాబట్టి దువ్వెన దిగుతుంది, జడ నిలుస్తుంది. రాలాక ఆ వరస పోతుంది. ఒకదాని కుదురు పక్కన ఇంకోదాని కొస వచ్చి పడుతుంది. వేలికి చుట్టి ఉండ చేసినప్పుడు, గోడమూల గాలికి దొర్లినప్పుడు, ప్రతి వెంట్రుకా తన కుదురు వైపుకు ఓ పిసరు జరుగుతుంది. జరిగింది వెనక్కి రాదు. ఇలా వందలాది వెంట్రుకలు తలో దిక్కుకూ లాక్కుంటూ పోయేసరికి విడదీయరాని ముద్ద తయారవుతుంది. నీళ్ళు తగిలితే మరీ అన్యాయం: తడికి వెంట్రుక ఉబ్బి, పొలుసులు లేస్తాయి. ఉన్ని స్వెట్టరును వేడినీళ్ళలో ఉతికితే ముడుచుకుపోవడం వెనక ఉన్నదీ ఈ పొలుసుల పనే.

ధరలో తేడా ఇక్కడే మొదలవుతుంది. కల్యాణకట్టలో జడ తీసేటప్పుడు కుదుళ్ళన్నీ ఒక వైపు, కొసలన్నీ ఒక వైపు ఉంటాయి. వ్యాపారులు దీన్ని 'రెమీ' అంటారు. విగ్గు కుట్టినా చిక్కుపడదు. దువ్వెన వెంట్రుకకు ఆ అదృష్టం లేదు. కర్ణాటకలో కొప్పళ పక్కనున్న భాగ్యనగర్‌లో, పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా బేల్‌డాంగా ప్రాంతంలో ఈ ఉండల్ని చేత్తో విప్పడమే వేలమందికి జీవనం. ఎక్కువగా ఆడవాళ్ళు నేలమీద కూర్చుని సూదితో చిక్కు తీస్తారు. అయినా కుదురేదో కొసేదో కలిసిపోయే ఉంటుంది. అందుకని ఫ్యాక్టరీలో ఆమ్లంలో ముంచి పొలుసుల్నే గీకేస్తారు, పైన సిలికోన్ పూత పూస్తారు. కొన్నాళ్ళు మెరుస్తుంది. పూత తలస్నానాలతో పోయాక మళ్ళీ చిక్కే.

మన ఇంట్లో కుదుళ్ళన్నీ ఒక పక్కకు సర్ది దాచినా పెద్ద గిన్నె రాదు. మీ ఇంటి ఉండా పక్కింటి ఉండా ఒకే సంచిలోకి పోతాయి మరి.

సంచి పోయే దారి మాత్రం చిన్నది కాదు. చిక్కు వెంట్రుకను విప్పే పని చవగ్గా జరిగే చోటికి, మయన్మార్ మీదుగా చైనాకు, దొంగదారిన ముడి సరుకు తరలిపోతోందని ఇక్కడి విగ్గుల తయారీదారులు మొరపెట్టుకుంటూ వచ్చారు. 2021లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ తెలుగు రాష్ట్రాల్లోని వెంట్రుకల వ్యాపారుల మీద సోదాలు చేసింది. 2022 జనవరిలో కేంద్రం ముడి వెంట్రుకల ఎగుమతిని స్వేచ్ఛా జాబితా నుంచి తీసి ఆంక్షల కిందకు తెచ్చింది.

తూముకు యాసిడ్ పోస్తే

వెంట్రుక ఒక్కటే ఉంటే తూము పూడదు. దానికి తోడు కావాలి. సబ్బు నురగ సరిగా రాని గరుకు నీళ్ళలో ఉన్న కాల్షియం, సబ్బుతో కలిసి తెల్లటి జిడ్డు మడ్డి అవుతుంది. తలకు రాసుకున్న నూనె ఉండనే ఉంది. వెంట్రుక పైపొరకు నూనె అంటే మక్కువ. అలాస్కా తీరంలో 1989లో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి చమురు ఒలికినప్పుడు, చమురంటిన సముద్రపు నీటికుక్కల బొచ్చును టీవీలో చూసిన అలబామా క్షురకుడు ఫిల్ మెక్రోరీ, తన దుకాణంలో ఊడ్చిన జుట్టుతో చమురు పీల్చే మెత్తలు చేయొచ్చని కనిపెట్టాడు. మన తూములో జరిగేదీ అలాంటిదే. జాలీ అంచుకు నాలుగు వెంట్రుకలు తగులుకుంటే చాలు, వాటికి నూనె, నూనెకు మడ్డి, మడ్డికి మరో నాలుగు వెంట్రుకలు పట్టుకుంటాయి.

నీళ్ళు నిలవగానే చాలా ఇళ్ళలో బాత్‌రూమ్ యాసిడ్ సీసా బయటికొస్తుంది. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది గచ్చు మీది ఉప్పు మరకల్ని తీస్తుంది. వెంట్రుకను మాత్రం ఏమీ చెయ్యలేదు. వెంట్రుక కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైంది. కెరటిన్ పోగుల మధ్య గంధకపు పరమాణువులు రెండేసి కలిసి అడ్డుమెట్లు కట్టి ఉంటాయి. వెంట్రుక కాలితే వచ్చే కంపు ఆ గంధకానిదే. ఈ మెట్లున్నంత కాలం మన జీర్ణరసాలు కూడా దాన్ని అరిగించలేవు. రొట్టెల పరిశ్రమలో పిండి మెత్తబడటానికి వాడే సిస్టీన్‌ను ఈకల నుంచీ, వెంట్రుకల నుంచీ తీసే ఫ్యాక్టరీల్లో గాఢ ఆమ్లంలో గంటల తరబడి ఉడికిస్తే గానీ కెరటిన్ విడిపోదు. అలాంటిది, చల్లటి తూములో మగ్గుడు పలచటి యాసిడ్‌కు ఏం లొంగుతుంది?

వెంట్రుకకు శత్రువు క్షారం. కాస్టిక్ సోడా ఆ గంధకపు మెట్లను విరగ్గొట్టి వెంట్రుకను బంకగా చేస్తుంది. తూము శుభ్రం చేసే పొడుల్లో ఉండేది ఇదే. కళ్ళలో పడితే చూపు పోగలదు, కనుక చేతులకు తొడుగులు లేకుండా, పిల్లలు తిరుగుతుండగా దాన్ని ముట్టుకోవద్దు. ఒకటి పనిచెయ్యలేదని ఆ వెంటనే ఇంకోటి పొయ్యడం అంతకన్నా ప్రమాదం. బ్లీచింగ్ పౌడరు చల్లిన చోట యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువు మీదికి వదిలిన విషవాయువు అదే. తలుపు మూసిన స్నానాల గదిలో ఊపిరితిత్తులకు హాని చెయ్యడానికి కొంచెం చాలు.

వీటన్నిటికన్నా మంచి సాధనం పాత సైకిలు ఊచ. చివర కొక్కెంలా వంచి తూములోకి దింపి, ఒకే వైపుకు తిప్పుతూ పైకి లాగితే ముద్దంతా ఒక్కసారిగా వస్తుంది. తిప్పినకొద్దీ వెంట్రుకలు బిగుసుకునే గుణం ఇక్కడ మనకు కలిసొస్తుంది.

ఆ గుణమే కుట్టుమిషను దగ్గర, ఫ్యాను ఇరుసు దగ్గర, సూట్‌కేసు చక్రాల దగ్గర మనల్ని ఏడిపిస్తుంది. గుండ్రటి వస్తువుకు చుట్టుకున్న పోగు పట్టు, చుట్టు చుట్టుకూ కూడికలా కాక గుణకారంలా పెరుగుతుందని 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ లెక్కగట్టాడు. మూడు నాలుగు చుట్లు పడ్డాక ఎంత లాగినా రాదు. ఇరుసు వెంబడి బ్లేడుతో ఒక్క గీత గీస్తే అన్ని చుట్లూ ఒకేసారి తెగుతాయి.

కాలివేళ్ళ మీద ఓ కన్ను

రెండు నుంచి ఆరు నెలల లోపు పసిబిడ్డ కారణం తెలియకుండా గుక్కపట్టి ఏడుస్తుంటే కడుపునొప్పి అనీ దిష్టి అనీ అనుకునే ముందు కాలివేళ్ళు చూడాలి. తల్లి జుట్టు విపరీతంగా రాలే నెలలూ ఇవే. మేజోడులోనో, చుట్టిన గుడ్డలోనో ఇరుక్కున్న ఒక్క వెంట్రుక బిడ్డ కాళ్ళాడిస్తుంటే వేలికి చుట్టుకుంటుంది. తేమకు వెంట్రుక సాగుతుంది, ఆరితే బిగుస్తుంది. 1783 నాటికే జెనీవా శాస్త్రవేత్త సోస్యూర్ ఈ గుణంతో గాలిలో తేమను కొలిచే పరికరం చేశాడు. తడిసినప్పుడు చుట్టుకుని ఆరాక బిగిసిన వెంట్రుక నెత్తుటి దారిని మూసేస్తుంది. వేలు ఎర్రబడి, వాచి, మధ్యలో దారం కట్టినట్టు గాడి కనపడుతుంది. వాచిన చర్మంలో వెంట్రుక కనపడకపోవచ్చు కూడా. ఇంట్లో తేలిగ్గా రాకపోతే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గంటలు గడిచేకొద్దీ వేలికే ముప్పు. బాలింత ఉన్న ఇంట్లో పిల్లల మేజోళ్ళనూ చేతి తొడుగుల్నీ తిరగేసి దులిపి వెయ్యడం దీనికి సులువైన కాపు.

పెరట్లో తిరిగే కోళ్ళకూ ఇదే బాధ. "ఓలమ్మా, ఎంటికలు పెరట్లో పడీకు, కోడిపిల్లల కాళ్ళకు సుట్టుకుంటాయి" అని ముసలమ్మలు కోడళ్ళను కసరడం ఉత్తరాంధ్రలో ఎవరైనా వినే ఉంటారు. కోడి నేలను గీరి మేస్తుంది. గీరినప్పుడల్లా వెంట్రుక వేళ్ళకు మరో చుట్టు వేసుకుంటుంది. కొన్నాళ్ళకు వేలు ఎండి ఊడిపోతుంది. పారిస్ నగరంలో వేళ్ళు తెగిన పావురాల మీద ఫ్రాన్స్ పరిశోధకులు 2019లో ఓ అధ్యయనం ప్రచురించారు. క్షౌరశాలలు ఎక్కువున్న పేటల్లోని పావురాలకే వేళ్ళు ఎక్కువగా పోయాయని అందులో తేలింది. ముసలమ్మ మాటకు శాస్త్రం ముద్ర వేసిందన్నమాట.

కొబ్బరిచెట్టు మొదట్లో

కొనేవాళ్ళు రాని ఊళ్ళో వెంట్రుకను ఏం చెయ్యాలి? కాలిస్తే కంపు, పొగ. పారేస్తే తూము, లేదా కోడికాలు. మిగిలింది మట్టి. వెంట్రుక బరువులో సుమారు ఏడో వంతు నత్రజని. పశువుల ఎరువులో ఉండేదాని కన్నా ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. అయితే చేతికి తొందరగా అందదు. మనకు అరగని కెరటిన్‌ను అరిగించే బూజులు మట్టిలో ఉన్నాయి. బెల్జియం శాస్త్రవేత్త వాన్‌బ్రూసెగెమ్ 1952లో తడి మట్టి మీద వెంట్రుకలు ఎరగా పరిచి ఈ బూజుల్ని పట్టే పద్ధతి చెప్పాడు. ప్రయోగశాలల్లో ఇప్పటికీ అదే వాడుతున్నారు. ఈ బూజులు వెంట్రుకను నెలల తరబడి కొరుక్కు తింటాయి. కాబట్టి అది నిదానంగా వదిలే ఎరువు. ఏళ్ళ తరబడి ఒకేచోట నిలిచే కొబ్బరికీ జీడికీ సరిపోతుంది, నలభై రోజుల ఆకుకూరకు పనికిరాదు.

పాతే ముందు కత్తెరతో అంగుళం ముక్కలుగా కత్తిరించాలి. పొడవు పోతే చిక్కూ పోతుంది, పారకూ కోడికీ చుట్టుకోదు, బూజుకు కొసలు ఎక్కువ దొరుకుతాయి. జానెడు లోతున, మట్టిలో పలచగా కలిపెయ్యాలి. ముద్దగా పాతితే ఏడాది తర్వాత తవ్వినా ముద్దగానే కనపడుతుంది.

ఇక ఇంటి సంగతి. తలస్నానం తర్వాత కాకుండా ముందే, జుట్టు పొడిగా ఉండగా, కాగితం పరిచి దాని మీద దువ్వుకుంటే ఆ రోజు రాలవలసిన వాటిలో చాలా భాగం అక్కడే దొరుకుతాయి, తూము దాకా పోవు. నేలమీద వాటికి చీపురు కన్నా తడిగుడ్డ మేలు. చీపురు గాలి లేపి వెంట్రుకను మూలకు తోస్తుంది, తడిగుడ్డకు అది అంటుకుంటుంది. దువ్విన వెంట్రుకను తడి తగలని డబ్బాలో దాచాలి, తడిస్తే ముద్దకట్టి కొనేవాడికీ పనికిరాదు. ఈ అలవాట్లకు ఖర్చేమీ లేదు. డబ్బు పెట్టి కొనవలసింది ఒక్కటే, తూముకు సన్నకన్నుల జాలీ. దాన్ని రోజూ ఎత్తి దులపడం మాత్రం పొడుగు జుట్టు ఉన్నవాళ్ళ ఒక్కరి పనే అనుకోకండి. ఇంటిల్లిపాదీ స్నానం చేసిన నీళ్ళు ఆ తూములోకే పోతాయి.